లెక్కల మేడమ్ ఇంగ్లీషు పాఠం

"ఇంగ్లీషు మీడియం కావాలనేవాళ్లు చెయ్యెత్తండి" అని హెడ్మాస్టరు అడిగిన రోజున అందరికంటే ముందు లేచిన చెయ్యి లెక్కల మేడమ్‌ది. ఎత్తకుండా ఒళ్లోనే ఉండిపోయిన చేతులు ఆమె కోడలివి. ఆ కోడలు అదే బడిలో ఇంగ్లీషు టీచరు. ఇంగ్లీషులో నాలుగు మాటలు కలపమంటే నీళ్లు నమిలే అత్తగారు కావాలనడం, ఇంగ్లీషుతోనే బతుకుతున్న కోడలు వద్దనడం చూసి స్టాఫ్ రూమంతా ముక్కున వేలేసుకుంది. మీడియం మార్పు కోసం పై ఆఫీసు నుంచి ఒక అధికారి వస్తాడనీ, ప్రతి టీచరూ ఆయన ముందు ఇంగ్లీషులో ఒక పాఠం చెప్పాలనీ కబురు రావడంతో అత్తాకోడళ్లు వంటింట్లో కూర్చుని పాఠం తయారు చేసుకోవడం మొదలుపెట్టారు. నెగ్గినవాళ్లు తరగతిలో ఉంటారు. నెగ్గనివాళ్లు ఆఫీసు గదిలో కాగితాలు సర్దుకుంటారు. ఎవరి ఇంగ్లీషు ఎలా ఉందో అధికారికి చెప్పాల్సింది ఇంగ్లీషు టీచరు. మొదటి వంతు లెక్కల మేడమ్‌ది. అంటే అత్తగారి మీద తీర్పు చెప్పాల్సింది కోడలే. ఆ రోజు రానే వచ్చింది.

ఏడో తరగతి గదిలో ఆ ఉదయం ఎవరూ లేనంత నిశ్శబ్దం. పిల్లలకు ముందే చెప్పి ఉంచారు. నవ్వకూడదు, గుసగుసలాడకూడదు, మేడమ్ ఏమన్నా "ఎస్ మేడమ్" అనాలి, మన భాష నోట్లోంచి ఊడిపడకూడదు. మామూలు రోజుల్లో అదే గది సంతలా ఉంటుంది. లెక్కల మేడమ్ తరగతంటే అంతే. ఒకడు బల్లెక్కి కిటికీ కొలుస్తుంటాడు, ఇద్దరు తాడు చెరో చివరా పట్టుకుని గోడకు అతుక్కుంటారు, "నాది రైటు, నీది తప్పు" అంటూ జుట్టు జుట్టు పట్టుకునేదాకా పోతారు. పక్క గదిలోంచి సోషల్ మాస్టారు వచ్చి "మేడమ్, కాస్త మా చరిత్ర కూడా వినపడనివ్వండి" అని మొరపెట్టుకుంటాడు.

కోడలు చివరి బెంచీలో, అధికారి పక్కన కూర్చుంది. ఆయన నెమ్మదస్తుడు, గొంతు పెంచడు. పొద్దున వచ్చినప్పటి నుంచి ఒక్కరినీ పేరడగలేదు, "మీ సబ్జెక్టేమిటి?" అని మాత్రం అడిగాడు. ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, చేతులు కట్టుకుని, సినిమా మొదలవ్వబోతున్నట్టు వెనక్కి వాలాడు.

అత్తగారు లోపలికి వచ్చింది. రోజూ కొంగు నడుముకు బిగించి సుద్దముక్క అందుకునే మనిషి, ఇవాళ ఇస్త్రీ చీర మడత నలగకుండా భుజం దగ్గర పిన్ను పెట్టుకుని, పరీక్ష హాల్లో అడుగుపెట్టిన పిల్లలా నిలబడింది.

"గుడ్ మార్నింగ్ చిల్డ్రన్. టుడే వి విల్ లెర్న్ డివిజన్ ఆఫ్ ఫ్రాక్షన్స్."

"ఎస్ మేడమ్" అన్నారు పిల్లలంతా ఒక్క గొంతుతో.

కోడలి పెదాలు తనకు తెలియకుండానే కదులుతున్నాయి. ఆ వాక్యాలన్నీ తను రాసిచ్చినవే. అత్తగారు గిన్నెలు తోముతూ, బట్టలు మడతపెడుతూ వాటిని అప్పజెప్పింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ బోర్డు వైపు తిరగాలో కూడా ఇద్దరూ అనుకున్నారు. వాక్యం తరువాత వాక్యం, తాళ్లు కట్టి లాగుతున్నట్టు వస్తున్నాయి. ఒక్క తప్పు లేదు. కోడలికి ముందు ఊపిరి తేలికైంది. ఆ తరువాత ఏదో బాగాలేదనిపించింది. అత్తగారి చూపు పిల్లల మీద లేదు. వాళ్ల తలల మీదుగా, వెనక గోడకు ఉన్న మేకు మీద ఉంది.

బోర్డు మీద మూడు రాసి, భాగహారం గుర్తు పెట్టి, పక్కన ఒకటి కింద రెండు రాసింది. "ఇన్వర్ట్ అండ్ మల్టిప్లై. ది ఆన్సర్ ఈజ్ సిక్స్."

"ఎస్ మేడమ్."

రెండో వరసలో ఒక చెయ్యి లేచింది.

ఆ పిల్లను లెక్కల మేడమ్ "మా అనుమానాలమ్మ" అని పిలుస్తుంది. ఏం చెప్పినా ఊరుకోదు, "ఎందుకు?" అంటుంది. ఇంటికెళ్లాక కూడా ఆ పిల్ల ప్రశ్నల గురించే అత్తగారు నవ్వుకుంటూ చెబుతూ ఉంటుంది. ఆ పిల్ల లేచి నిలబడి, ఇంగ్లీషు కోసం వెతుక్కుని, దొరక్క, చివరికి ఉండబట్టలేక అనేసింది.

"మేడమ్, భాగిస్తే తగ్గాలి కదా? మూడుని భాగిస్తే ఆరెలా అయింది?"

అధికారి కనుబొమ ముడిపడింది. హెడ్మాస్టరు గుమ్మం దగ్గర నిలబడి ఆ పిల్లకు కూర్చోమని సైగ చేస్తున్నాడు.

ఈ ప్రశ్నకు అత్తగారి దగ్గర ఒక రిబ్బను ఉంది. మూడు మూరల ఎర్ర రిబ్బను. పిల్లల చేత పట్టించి, "ఇందులో అర మూర ముక్కలు ఎన్నొస్తాయో కోసి చూడండి" అంటుంది. కోసి, లెక్కపెట్టి, "ఆరు!" అని అరుస్తారు. భాగించడమంటే పంచిపెట్టడం ఒక్కటే కాదనీ, ఒకదాంట్లో ఇంకొకటి ఎన్నిసార్లు ఇముడుతుందో చూడటం కూడా అనీ అప్పుడు చెబుతుంది. వంటింట్లో పాఠం రాసుకుంటున్నప్పుడు ఆ రిబ్బను తీసి చూపించింది కూడా. "అది వద్దత్తయ్యా. పిల్లలు ఏదో ఒకటి అడుగుతారు, మీరు తడబడతారు. రాసింది మాత్రమే చెప్పండి" అన్నది కోడలే.

అత్తగారి నోరు తెరుచుకుంది, మూసుకుంది. చెయ్యి గాల్లోకి లేచి, లేని రిబ్బను చివర పట్టుకున్నట్టు ఆగింది.  జవాబు ఆమెకు తెలుసు. అది నాలుక చివరిదాకా వచ్చి అక్కడ నిలబడిపోవడం కోడలికి చివరి బెంచీ నుంచి కనిపిస్తూనే ఉంది.

"ఇట్... ఇట్ ఈజ్ ఎ రూల్" అంది అత్తగారు. "సిట్ డౌన్."

పిల్ల కూర్చోలేదు. మేడమ్ వేళాకోళం చేస్తోందనుకుని, నవ్వడానికి సిద్ధంగా అలాగే చూస్తోంది.

"సిట్ డౌన్!"

పిల్ల కూర్చుంది. ఇదీ అప్పజెప్పాల్సిందే కాబోలనుకుని తరగతి మొత్తం కలిసి అంది. "ఇట్ ఈజ్ ఎ రూల్."

అధికారి చప్పట్లు కొట్టాడు.

*

"ఫస్ట్ క్లాసుగా ఉంది" అన్నాడు ఆయన వరండాలోకి వచ్చాక. "గదిలో క్రమశిక్షణ చూశారా? ఇదే కావాలి. కాసేపట్లో స్టాఫంతా హెడ్మాస్టరు గదికి రండి. భాష ఎలా ఉందో మీరు అందరి ముందూ చెబుదురుగాని."

కోడలు తలూపి అత్తగారి కోసం వెతికింది. స్టాఫ్ రూములో లేదు. బాత్రూముల వైపు లేదు. చివరికి సైన్సు స్టోరు గదిలో, పగిలిన గాజు సీసాల అలమరకు ఆనుకుని కింద కూర్చుని కనిపించింది. ఇస్త్రీ చీరకు దుమ్మంతా అంటుకుంది.

"లేవండత్తయ్యా, ఆయనకు నచ్చింది. మీరు నెగ్గినట్టే."

"నువ్వేం చెప్పబోతున్నావు?"

"ఏం చెబుతాను? తప్పుల్లేవని చెబుతాను. లేవు కూడా."

"పాఠం సంగతి?"

కోడలు ఆమె చీరకంటిన దుమ్ము దులపబోయింది.

"ఇన్నేళ్లలో ఏ పిల్లకీ 'అది రూలు, కూర్చో' అని చెప్పలేదే నేను" అంది అత్తగారు. ఏడవడం లేదు.  "చెప్పేవాళ్లని చూసి ఒళ్లు మండేది. ఇవాళ దాని మొహం చూశావా? నన్ను కొత్తగా చూసింది. ఎవరీవిడ అన్నట్టు చూసింది."

"రేపు విడిగా పిలిచి చెప్పుకోండి. రిబ్బనుతో చెప్పండి. ఎవరు చూడొచ్చారు?"

"రేపొచ్చే పాఠానికి? ఎల్లుండి పాఠానికి? తరగతిలో ఒకటీ, గోడ పక్కన దొంగచాటుగా ఒకటీ చెప్పుకుంటూ తిరగనా?" అత్తగారు మోకాళ్ల మీద చేతులేసి పైకి చూసింది. "నన్ను ఫెయిల్ చెయ్యి."

కోడలు గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. "మతి ఉండే అంటున్నారా? ఫెయిలంటే ఏమిటో తెలుసా? మిమ్మల్ని ఆఫీసు గదిలో కూర్చోబెడతారు. హాజరు కాగితాలు రాసుకోవాలి. తరగతి లేకుండా మీరుండగలరా? ఇంట్లో మీ అబ్బాయికి నేనేం చెప్పను? మా అమ్మ ఉద్యోగానికి నువ్వే ఎసరు పెట్టావంటాడు."

"వాడికి నేను చెబుతాను."

"అసలు చెయ్యెత్తింది మీరే కదత్తయ్యా!" కోడలికి కోపం ఆగలేదు. "నేను వద్దు వద్దంటుంటే అందరికంటే ముందు లేపారు. ఎందుకు లేపారో ఇప్పటికీ చెప్పలేదు. ఇప్పుడు మిమ్మల్ని ఫెయిల్ చేసే పని నుంచి నన్ను తప్పించుకోనివ్వరా?"

 బయట ఎవరో గంట కొట్టారు. పిల్లలు నీళ్ల పంపు వైపు పరిగెడుతున్న చప్పుడు వచ్చి, సద్దుమణిగింది.

"నా దగ్గర చదివిన పిల్ల ఒకతి ఉండేది. నువ్వింకా ఈ బడికి రాలేదు. లెక్క ఇస్తే మింగేసేది. ఇంజనీరింగులో సీటొస్తే నేనే దగ్గరుండి పంపించాను. మొన్న ఎండాకాలంలో బట్టల కొట్టుకి వెళ్లానా, అక్కడ చీరలు మడతపెడుతోంది. నన్ను చూసి అటు తిరిగిపోయింది. నేనే వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. ఏమైందే అని అడిగితే, అంతా ఇంగ్లీషు మేడమ్, వెనక బెంచీలో కూర్చుని కూర్చుని వచ్చేశాను అంది. 'లెక్కలు వచ్చు మేడమ్, వాటి పేర్లే రావు' అంది." అత్తగారు చేతులకంటిన సుద్దపొడి దులుపుకుంది. "ఆ పేర్లు నేను నేర్పలేదు. నాకూ రావు కనక నేర్పలేదు. అందుకని ఎత్తాను చెయ్యి. మళ్లీ అడిగినా ఎత్తుతాను. మన పిల్లలకి ఇంగ్లీషు రావాల్సిందే. కానీ నేర్పమంటారనుకున్నానే, ఉన్న నోరు కుట్టేసుకోమంటారనుకోలేదు."

కోడలు ఆమె ఎదురుగా కింద కూర్చుండిపోయింది.

"నాకా పేర్లన్నీ వచ్చత్తయ్యా" అంది మెల్లగా. "చిన్నప్పటి నుంచీ ఇంగ్లీషు మీడియమే. లెక్కల్లో ఎప్పుడూ మంచి మార్కులే. కానీ ఇందాక ఆ పిల్ల అడిగిందే, మీరు వంటింట్లో రిబ్బను చూపించేదాకా ఆ సంగతి నాకూ తెలీదు. తలకిందులు చేసి గుణించాలని తెలుసు, అంతే. ఎందుకో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అడగాలనే తోచలేదు. ఇలా నాకు తెలీనివి ఎన్నున్నాయో నాకే తెలీదు. నాకు లెక్కలు రావత్తయ్యా. బట్టీపట్టడం వచ్చు. మిమ్మల్ని కూడా నాలా చేసేశాను ఇవాళ. నాది బట్టీ చదువని ఎప్పటి నుంచో తెలుసు, అందుకే వద్దన్నాను మీడియం."

అత్తగారు చెయ్యి చాపి ఆమె తల మీద ఒక్కసారి వేసింది. 

"అయితే నిజం చెప్పు, పో" అంది.

*

హెడ్మాస్టరు గదిలో కుర్చీలు చాలక సగంమంది గోడకు ఆనుకుని నిలబడ్డారు. అధికారి హెడ్మాస్టరు కుర్చీలో కూర్చుంటే, హెడ్మాస్టరు పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఆయన బాధ ఆయనది. రోడ్డవతల ఇంగ్లీషు బడి పెట్టిన దగ్గర నుంచి ఏటేటా పిల్లలు తగ్గిపోతున్నారు. మీడియం మారకపోతే గేటుకు తాళం పడుతుందని ఆయన రోజూ చెబుతున్నాడు, అది అబద్ధమూ కాదు.

"వయసు మీద పడింది, నాలుక తిరగదు, ఇవన్నీ సాకులని ఇవాళ తేలిపోయింది" అన్నాడు అధికారి చిరునవ్వుతో. "లెక్కల మేడమ్ నిరూపించారు. సోషల్ మాస్టారూ, ఆవిడ చెప్పగా లేనిది మీరెందుకు చెప్పలేరు?"

సోషల్ మాస్టారిని పిల్లలు "రేడియో" అంటారు. మొదలుపెడితే గంట కొట్టినా ఆగడు. యుద్ధాల గురించి చెబుతుంటే పిల్లలు కత్తులు దూస్తారు. ఇంగ్లీషు పాఠం ఆర్డరు వచ్చినప్పటి నుంచి ఆ రేడియో మూగపోయింది. నెమ్మదిగా లెక్కల మేడమ్ వైపు తిరిగాడు.

"మా మెడకు ఉరి బిగించారు మేడమ్" అన్నాడు, ఆమెకూ పక్కనున్న కోడలికీ మాత్రం వినపడేలా.

అత్తగారు తల దించుకుంది.

"ఇక ఇంగ్లీషు టీచరుగారు చెప్పండి" అన్నాడు అధికారి.

కోడలు లేచింది.  "భాషలో తప్పుల్లేవు సార్. ఉండవు. అవి నేను రాసిచ్చిన వాక్యాలు. మేడమ్ వాటిని అప్పజెప్పారు." ఒకసారి అత్తగారి వైపు చూసి మళ్లీ అందుకుంది. "పాఠం మాత్రం జరగలేదు."

అధికారి ముందుకు వంగాడు.

"జరగలేదంటే?"

"ఒక పిల్ల ప్రశ్న వేసింది. దానికి జవాబు రాలేదు."

"ఆ పిల్ల మన భాషలో అడిగింది. ఆ తప్పు పిల్లది."

"ఇంగ్లీషులో అడగడం ఆ పిల్లకు రాదు సార్."

"వస్తుంది. నెమ్మది మీద అదే వస్తుంది."

"వచ్చేదాకా ప్రశ్నలు అడగకుండా కూర్చోవాలా సార్?"

హెడ్మాస్టరు స్టూలు మీద కదిలాడు. "అమ్మా, నువ్వు కాస్త..." అని ఆమెను ఆపబోయాడు. అధికారి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన మొహంలో కోపం లేదు. చిరునవ్వు కూడా పూర్తిగా చెరిగిపోలేదు.

"అంటే మీ అత్తగారిని మీరు ఫెయిల్ చేస్తున్నారు. అంతేగా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. కోడలు "అవును సార్" అంది.

"మంచిది. నేను పాస్ చేద్దామనుకున్నాను, మీరు కాదన్నారు. ఇక ఆవిడ ఆఫీసు పని చూసుకుంటారు." ఫోను తిప్పి టైము చూశాడు. "కానీ ఏడో తరగతి లెక్కలు ఎవరో ఒకరు చెప్పాలి కదా. ఇంగ్లీషు మీకంటే బాగా వచ్చినవాళ్లు ఈ గదిలో ఎవరున్నారు? ఈ పీరియడ్ నుంచే మీరు తీసుకోండి."

  కోడలు నోరు తెరిచేలోపే అత్తగారు లేచి నిలబడింది.

"ఆవిడకి లెక్కలు రావు సార్."

అందరి తలలూ ఒక్కసారి కోడలి వైపు తిరిగాయి. ఇందాక స్టోరు గది దుమ్ములో కూర్చుని తను, ఇన్నాళ్లూ మొగుడికి కూడా చెప్పని మాట అత్తగారి చెవిన వేసింది. ఇంకా ఆ మాట తడి ఆరనేలేదు. దాన్ని తెచ్చి నలుగురిలో పెట్టేసింది అత్తగారు. కోడలు అత్తగారి వైపు చూసింది. ఆమె ఇటు చూడటం లేదు. ఏడో తరగతిలో గోడ మేకును చూసినట్టు అధికారిని చూస్తోంది.

"ఏమ్మా, నిజమేనా?" అన్నాడు అధికారి.

కాదనేస్తే పోయేది. పది మాటలు ఇంగ్లీషులో గడగడా మాట్లాడితే అత్తగారిదే అక్కసు అనుకునేవాళ్లు అందరూ. ఆ తోవ కోడలికి కనిపించింది. కనిపించినందుకే భయమేసింది.

"నిజమే సార్."

అధికారి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "రాకపోతే ఏమైంది? పుస్తకంలో ఉన్నాయిగా. చదివి వినిపించండి. ఇంగ్లీషు వస్తే చాలు."

"అయితే నేను డాక్టరు పుస్తకం చదివి ఆపరేషన్లు మొదలుపెడతాను" అని గొణిగాడు రేడియో మాస్టారు. ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా నవ్వలేదు. సైన్సు మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. చిన్న తరగతుల టీచరు కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది. తరువాతి వంతు తమదేనని అందరికీ తెలుసు. 

కుర్చీ జరిగిన చప్పుడైంది. అత్తగారు గుమ్మం దాటి వెళ్లిపోయింది.

"వెళ్లనివ్వండి" అన్నాడు అధికారి. "కాసేపు బాధపడతారు. మామూలే."

కానీ కోడలు ఆ నడకను ఎరుగును. కొంగు నడుముకు బిగించుకుంటూ వరండాలో పోతోంది అత్తగారు. గేటు వైపు తిరగలేదు. ఆఫీసు గది దాటేసింది. టీచరు లేని ఏడో తరగతి గోల వరండా చివరిదాకా వినపడుతోంది. కోడలు పరుగులాంటి నడకతో వెంటపడింది. ఆమె చేరుకునేసరికి తలుపు మూసుకుంది. లోపలినుంచి గడియ పడిన చప్పుడైంది, ఆ వెంటనే గోల ఆగిపోయింది.

"కూర్చోండర్రా" అంది లోపల అత్తగారి గొంతు, తన మామూలు గొంతు. "పొద్దున నేను మీకు తప్పు చెప్పాను. మళ్లీ మొదటి నుంచీ చెబుతాను. ముందు అందరూ దగ్గరికి రండి."

బెంచీలు జరుగుతున్నాయి. ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు పిల్లలు.

వెనక బూట్ల చప్పుడు. అధికారి, హెడ్మాస్టరు, వాళ్ల వెనక స్టాఫంతా వచ్చారు. హెడ్మాస్టరు తలుపు తట్టి, "మేడమ్, తియ్యండి, బాగుండదు" అన్నాడు. లోపల పాఠం ఆగలేదు. ఇంకోసారి గట్టిగా తట్టాడు. ఆగలేదు.

మొదటిసారిగా అధికారి మొహంలో నవ్వు పూర్తిగా పోయింది. తలుపు వైపు చూశాడు, చుట్టూ ఉన్న టీచర్ల మొహాలు చూశాడు. వాళ్లలో ఏం కనిపించిందో, గొంతు ఇంకా తగ్గించి కోడలితో అన్నాడు.

"మీరు పిలిస్తే తీస్తారు. తలుపు తీయించారా, పాఠం ఫెయిలన్న మాటతో ఇది ముగిసిపోతుంది. తీయించకపోతే అధికారి ఉండగా తరగతి బంధించారని రాస్తాను. అప్పుడు ఆఫీసు గది కూడా ఉండదు ఆవిడకి. మీకూ ఉండదు."

కోడలు తలుపు దగ్గరికి నడిచింది. పాత చెక్క తలుపు, అవతల మాట్లాడుతున్న గొంతుకు సన్నగా అదురుతోంది. చెవి ఆనించనక్కర్లేదు, ప్రతి మాటా స్పష్టంగా వినపడుతోంది. ఎన్నో ఏళ్ల కిందట తనకెవరూ చెప్పని పాఠం అది.  రేడియో మాస్టారు ఒకడుగు ముందుకు వేసి ఆగిపోయాడు.

ఆమె తలుపు మీద చెయ్యి వేసింది.

లోపల మాట ఆగిపోయింది. "ఆపకండత్తయ్యా, చెప్పండి, నేనూ వింటున్నాను" అంది కోడలు.